పెద్దబాతుల అరుపులు, పక్కింటి ఫిర్యాదులు: ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

పెద్దబాతులు పెంచుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే. పక్కింటివాళ్లు నిద్ర పట్టడం లేదని గొడవ చేస్తున్నారు, ఇక బాతుల్ని ఎవరికైనా ఇచ్చేయడమేనా, వేరే దారి లేదా అని.

దారి ఉంది. కాకపోతే అది బాతు నోరు మూయించే దారి కాదు, అరవడం దాని స్వభావం. పక్కింటాయన్ని నిజంగా బాధపెట్టేది పగలు అప్పుడప్పుడు వినపడే కేకలు కాదు, రాత్రి రెండింటికో తెల్లవారుజామున నాలుగున్నరకో ఆయన్ని మంచం మీద నుంచి లేపే ఆ కొన్ని నిమిషాలు. ఆ నిమిషాలు ఏవో పట్టుకుని, అప్పుడు బాతుల్ని అరిపిస్తున్నది ఏదో కనిపెట్టి, దాన్ని తీసేయాలి. చాలామంది ఇది వదిలేసి ముందు డబ్బు ఖర్చు పెట్టి గోడలు కడతారు, అరుపులు అలాగే ఉంటాయి.

ఇక్కడ రాసేదంతా ముక్కు మొదట్లో బొడిపె ఉండి, తెల్లగానో బూడిద, గోధుమ రంగుల్లోనో ఉండే పెద్దబాతుల గురించి. మన సంతల్లో హంస బాతులని అమ్మేవి ఎక్కువగా ఇవే. చైనీస్ రకానికి చెందినవి, పెద్దబాతుల్లో బాగా గొంతున్న రకం.

1. ముందు మీ స్థలం సరిపోతుందో లేదో తేల్చుకోండి

ఈ మాట చేదుగా ఉన్నా ముందే చెప్పాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, టెర్రస్ మీద, రెండు వైపులా గోడకి గోడ ఆనుకుని ఇళ్లున్న 100 గజాల స్థలంలో పెద్దబాతులు వద్దు. అక్కడ ఏ చిట్కా పనిచేయదు. టెర్రస్ మీద అరుపుకి అడ్డమే ఉండదు, వీధి మొత్తానికీ వినపడుతుంది. మీ పరిస్థితి ఇదైతే నేరుగా 12వ భాగానికి వెళ్లిపోండి.

మిగతావాళ్లు ఇవి చూసుకోండి:

☐ బాతుల షెడ్డుకీ, పక్కింటి పడకగది కిటికీకీ మధ్య కనీసం 30 అడుగులు వచ్చేలా ఎక్కడైనా చోటుందా?
☐ పగలు తిరగడానికి కొంచెమైనా గడ్డి నేల ఉందా? పెద్దబాతు మేసే పక్షి, మేత దొరికితే దాని నోరు అరుపు మీద కాకుండా గడ్డి మీద ఉంటుంది.
☐ అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా?
☐ కాలనీ సంఘానికి పెంపుడు జంతువుల గురించి రాతపూర్వక నియమాలేమైనా ఉన్నాయా?
☐ మీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో కోళ్లు, బాతులు పెంచడం మీద షరతులున్నాయా? ఊరూరికీ వేరుగా ఉంటాయి, కాబట్టి మీ ఊళ్లోనే కనుక్కోండి.

2. పక్కింటికి వెళ్లండి, ఫోన్‌లో కాదు

ఫిర్యాదు వచ్చాక మొదటి రెండు రోజుల్లో మీరు ఏం చేస్తారన్న దాని మీదే తర్వాత కథంతా నడుస్తుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో జవాబు రాయకండి. అక్కడ ఒక్క మాట తేడా వస్తే, అసలు అరుపులు వినపడని మూడో వీధివాళ్లు కూడా మీకు ఎదురు నిలబడతారు.

సాయంత్రం వాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్కరే వెళ్లండి. బాతులు ఎంత మంచివో, పాములు రాకుండా ఎలా కాపలా కాస్తాయో చెప్పకండి. నిద్ర లేనివాళ్లకి ఆ మాటలు పుండు మీద కారం. ఇలా అడిగితే చాలు:

"బాబాయ్ గారూ, మా బాతుల వల్ల మీకు నిద్ర పాడవుతోందని తెలిసింది, తప్పే. ఏ టైములో ఎక్కువ ఇబ్బందిగా ఉంటోందో చెప్పండి, రాత్రా, తెల్లవారుజామునా? మీ పడకగది ఎటు వైపు? మూడు వారాలు టైమివ్వండి, ఏమేం మారుస్తున్నానో నేనే వచ్చి చెప్తా."

చెప్పింది రాసుకోండి. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉందా, నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లున్నారా, పరీక్షలకి చదివే పిల్లలున్నారా అన్నది అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మీరు కాపాడాల్సిన గంటలు వాటిని బట్టే మారతాయి. ఐటీ ఉద్యోగి అర్ధరాత్రి వరకు పనిచేసి పొద్దున 9 దాకా పడుకుంటే, మీరు 6 గంటలకే బాతుల్ని వదలడం ఆయనకి నడిరాత్రి లేపినట్టే.

మూడు వారాలని ఎందుకంటున్నానంటే, షెడ్డు మార్చినా మేత టైము మార్చినా బాతులకి అలవాటు కావడానికి రెండు వారాలైనా పడుతుంది. రేపటి నుంచి వినపడదని మాటిచ్చి తప్పితే రెండోసారి మీ మాటకి విలువ ఉండదు.

3. వారం రోజులు అరుపుల లెక్క రాయండి

ఏదీ మార్చకముందు ఏడు రోజులు గమనించండి. రాత్రి షెడ్డు దగ్గర పాత ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వదిలేయండి, లేదా మైకున్న సీసీ కెమెరా ఉంటే ఇంకా మంచిది. ఒక నోట్‌బుక్కులో ఇవి మాత్రం రాయండి:

☐ ఏ టైముకి మొదలైంది, ఎన్ని నిమిషాలు
☐ ఒక్కటే అరిచిందా, అన్నీ కలిసా
☐ దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది (కుక్క, పిల్లి, బైకు, లైటు, గేటు చప్పుడు, మీ వంటింటి తలుపు)
☐ తర్వాత ఎలా ఆగింది, దానంతట అదే ఆగిందా, మీరు వెళ్లి ఏమైనా వేశారా

నాలుగో రోజుకే ఒక వరస కనపడుతుంది. పాలబ్బాయి బైకు రాగానే ఒకసారి, ఎదురింటివాళ్లు మోటారు వేయగానే ఒకసారి. గేటు దగ్గర మనిషి కదిలితే వెలిగే ఎల్‌ఈడీ లైటుని చాలామంది మర్చిపోతారు. పిల్లి గోడ మీద నడుస్తుంది, లైటు ఠక్కున వెలుగుతుంది, బాతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ లైటు సెన్సర్ తీసేస్తే పోయే గోల అది.

ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే డెసిబెల్ యాప్ కూడా వాడొచ్చు. దాని అంకెల్ని అధికారుల ముందు పెట్టలేరు, అంత కచ్చితం కాదు. కానీ ఒకే ఫోన్, ఒకే చోటు, మార్పుకి ముందూ తర్వాతా కొలిస్తే ఎంత తగ్గిందో మీకు తెలుస్తుంది. కొలిచేది పక్కింటి గోడ దగ్గర, షెడ్డు దగ్గర కాదు.

4. ఏ అరుపు ఎందుకో గుర్తుపట్టండి

మెడ నిటారుగా పైకెత్తి, తల కొంచెం వంచి ఒక కంటితో ఒకే వైపు చూస్తూ ఉన్నట్టుండి గట్టిగా అరిస్తే అది భయం, హెచ్చరిక. అటు వైపు ఏదో ఉంది. పెద్దబాతు చూపు చాలా చురుకు, మీకు కనపడనిది దానికి కనపడుతుంది. దాని చూపు ఎటుందో అటే వెళ్లి చూడండి.

ఆగి ఆగి, లయగా, మీ వంటింటి వైపో గేటు వైపో తిరిగి అరిస్తే అది పిలుపు. మేత కోసం, మీ కోసం, లేదా కనపడకుండా పోయిన జంట కోసం. మీరు ఇన్నాళ్లూ అరవగానే వెళ్లి నూకలు చల్లుతూ వచ్చారా? అయితే ఆ అలవాటు మీరు చేసిందే.

ఎవరినో తరిమేసి తిరిగొచ్చి, మెడలు చాచి అన్నీ కలిసి గోల చేస్తే అది గెలుపు కేక. కాసేపట్లో ఆగిపోతుంది, కాకపోతే అది బాగా దూరం వినపడుతుంది. తరమడానికి ఎవరూ దొరక్కుండా చేయడమే దీనికి మందు.

గొంతు తగ్గించి గులగులలాడుకోవడం, బుసకొట్టడం గోడ దాటి పోవు. వాటి జోలికి వెళ్లకండి.

5. రాత్రి షెడ్డు: సగం సమస్య ఇక్కడే తీరుతుంది

బాతులు రాత్రి ఆరుబయట ఉంటే, చుట్టూ గోడ ఎంత ఎత్తున్నా, అరుస్తాయి. ఒళ్లు మరిచి నిద్రపోయే పక్షులు కావు, ఒకటి కాకపోతే ఇంకొకటి కన్ను తెరిచే ఉంటుంది. వెన్నెల రాత్రుల్లో అయితే మేయడానికి కూడా లేస్తాయి. కాబట్టి రాత్రి వాటికి బయట కదిలేవి కనపడకూడదు, వెలుతురు పడకూడదు, కానీ గాలి ఆడాలి. మన ఎండల్లో ఈ మూడూ కలపడమే కష్టం, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

చోటు. ఫిర్యాదు చేసిన ఇంటికి వీలైనంత దూరంగా, మీ ఇంటికి దగ్గరగా పెట్టండి. అరుపు ముందు మీకు వినపడాలి, మీరే ముందు లేవాలి. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే 10 అడుగుల దూరంలో ఉన్న షెడ్డుని 40 అడుగులకి జరిపితే ఓ 12 డెసిబెల్స్ పోతాయి. కాంపౌండ్ గోడల మధ్య అంత రాదు, అయినా ఏ గోడా ఇంత చౌకగా ఇంత పని చేయదు. రెండు కాంపౌండ్ గోడలు కలిసే మూల మాత్రం వద్దు, ఆ మూల అరుపుని కొట్టి బయటికి పంపుతుంది.

కొలత. ఒక్కో బాతుకి 8 నుంచి 10 చదరపు అడుగులు. మూడు బాతులకి 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు సరిపోతుంది. మీరు వంగకుండా లోపలికి వెళ్లేంత ఎత్తుంటే ఊడ్చుకోవడం సులువు.

గోడలు. పక్కింటి వైపు గోడ కింద నుంచి పై దాకా ఇటుకతో, సందుల్లేకుండా ఉండాలి. శబ్దాన్ని ఆపేది బరువు. గ్రీన్ నెట్, వెదురు తడిక, మొక్కల వరస ఇవేవీ శబ్దాన్ని లెక్కలోకి వచ్చేంత ఆపవు. అవి చూపుని మాత్రమే ఆపుతాయి, అదీ పనికొచ్చేదే గానీ వేరే పని. మీ ఇంటి వైపు గోడని 4 అడుగుల దాకా ఇటుక కట్టి, ఆ పైన చిన్న కన్నుల గట్టి మెష్ వేయండి. బాతు మెడ పూర్తిగా ఎత్తినా బయటి నేల కనపడకూడదు, గాలి మాత్రం రావాలి. మిగతా రెండు గోడలకీ పైన ఒక అడుగు సందు వదిలితే వేడి గాలి బయటికి పోతుంది.

కప్పు. ఇనుప రేకు వద్దు. ఎండకి కాలుతుంది, వానకి మోగుతుంది, లోపలి అరుపు దానికి తగిలి ఇంకా పెద్దదవుతుంది. తాటాకు మేలు. రేకు ఇప్పటికే ఉంటే పైన తాటాకో వరిగడ్డో మందంగా పరిచి తాళ్లతో కట్టండి, లోపల రేకుకి కాస్త దిగువగా గోనె సంచులు రెండు మూడు వరసలు కుట్టి వేలాడదీయండి.

వెలుతురు. వీధి దీపం పడే వైపు మెష్‌కి ముదురు షేడ్ నెట్ ఒక పొర వేయండి. టార్పాలిన్‌తో మొత్తం కప్పేయకండి, ఏప్రిల్, మే రాత్రుల్లో ఊపిరాడక చనిపోతాయి. నోరు తెరిచి ఆయాసపడుతున్నాయంటే గాలి చాలడం లేదని అర్థం, అప్పుడు శబ్దం సంగతి తర్వాత, ముందు గాలి చూడండి.

నేల. ఊక నాలుగు అంగుళాల మందాన పోసి పైన వరిగడ్డి. మెత్తటి నేల లోపలి శబ్దాన్ని కొంత మింగుతుంది, వాసనా తగ్గుతుంది.

గడియ, సందులు. పందికొక్కు, ముంగిస, జంగపిల్లి, వీధి కుక్క, వీటిలో ఏదైనా ఒక్కసారి లోపలికి వచ్చిందంటే తర్వాత నెల రోజులు ఆకు కదిలినా అరుస్తాయి. గోడ పునాదిని ఒక అడుగు లోతు నుంచి లేపండి, తలుపు కింద వేలు పట్టేంత సందు కూడా ఉంచకండి. గడియకి పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే ఇనుము ఇనుముకి తగిలి టకటకలాడదు.

నీళ్లు. రాత్రి లోపల టబ్బు పెడితే అందులో దిగి గోల చేస్తాయి. వేడి కాలంలో నీళ్లు లేకుండా మూయడం కూడా తప్పే. తల మాత్రమే పట్టే ఇరుకు మూతి బకెట్టుని గోడకి కట్టి పెట్టండి.

మూసేముందు:

☐ చీకటి పడకముందే లోపలికి తోలడం, రోజూ ఒకే టైము
☐ సాయంత్రం మేతలో వడ్లు, కడుపు నిండా
☐ అన్నీ లోపలికి వచ్చాయా లెక్క, ఒకటి బయట ఉండిపోతే రెండు వైపులా పిలుపులే
☐ సెన్సర్ లైటు ఆఫ్
☐ బకెట్టులో నీళ్లు

6. తెల్లవారు గోల

రాత్రి సర్దుకున్నాక మిగిలేది ఇదే. వెలుగు రేఖ లోపల పడగానే మొదలవుతుంది, మీ అడుగుల చప్పుడు వినగానే పెరుగుతుంది.

ఇప్పుడు 5:30కి వదులుతున్నారనుకోండి. రెండు రోజులకోసారి 10 నిమిషాలు ఆలస్యం చేస్తూ పోండి, పక్కింటితో ఒప్పుకున్న టైము వచ్చేదాకా. ఒక్కసారిగా గంటన్నర జరిపితే ఆ గంటన్నరా అరుపులే. మెష్ మీద షేడ్ నెట్ ఉంటుంది కాబట్టి లోపల చీకటి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

తలుపు తీసే విధానం కూడా ముఖ్యం. అరుస్తున్నప్పుడు తీయకండి. షెడ్డు బయట నిలబడి, అవి ఆగి గులగులకి దిగాక తీయండి. మొదట్లో సహనం కావాలి, ఒక్కోసారి చాలాసేపే నిలబడాల్సి వస్తుంది. అరిస్తే తలుపు తెరుచుకోదు, ఊరుకుంటే తెరుచుకుంటుంది, ఇది వాటికి త్వరగానే అర్థమవుతుంది, పెద్దబాతులు చాలా తెలివైనవి. ఇంట్లో మిగతావాళ్లకి కూడా ఇదే నియమం చెప్పండి. అమ్మమ్మ గారు జాలిపడి కిటికీలోంచి అన్నం ముద్ద విసిరితే మీ వారం రోజుల కష్టం పోతుంది.

మేత బకెట్టు పొద్దున్నే తీసుకెళ్లకండి. ఆ బకెట్టు చేతి చప్పుడు వాటికి బాగా గుర్తు. సాయంత్రమే తోటకూర కాడలో, అజొల్లానో (నీళ్ల మీద పెంచే పచ్చి మేత), గడ్డి మోపో పగలు తిరిగే చోట ఉంచి, పైన తడి గోనె కప్పేయండి. పొద్దున ఆ గోనె తీసి తలుపు తెరిస్తే నేరుగా మేత మీదకి వెళ్తాయి, అరవడానికి తీరిక ఉండదు. దాణా, నూకలు, తవుడు 9 తర్వాత.

7. పగటి పూట

పగలు మొత్తం నిశ్శబ్దం ఎవరూ అడగరు. మూడు పనులు చేస్తే చాలు.

గేటు కింది భాగం కమ్మీలైతే రేకో ప్లైవుడ్డో కొట్టి 4 అడుగుల దాకా మూసేయండి. వీధిలో పోయే కుక్కల కాళ్లు, బైకు చక్రాలు, చెత్త బండి కనపడకపోతే సగం హెచ్చరికలు ఆగిపోతాయి. బాతులు తిరిగే చోటుని ఇంటి వెనక వైపుకి మార్చగలిగితే గేటు జోలికే వెళ్లక్కర్లేదు.

స్నానం సాయంత్రం 4, 6 మధ్య పెట్టండి. టబ్బులో నీళ్లు చూడగానే ఆనందంతో కేకలు వేస్తాయి, రెక్కలు కొడతాయి, ఆ గోల ఎలాగూ తప్పదు కాబట్టి వీధిలో అందరూ మేలుకుని ఉన్న టైములో కానివ్వండి. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా చెట్టు నీడలోనే ఉంచండి, నీడా నీళ్లూ ఉంటే వాటికవే పడుకుంటాయి.

గోడ మీద నుంచి రాళ్లు విసిరి ఆటపట్టించే పిల్లలుంటే తిట్టకండి. లోపలికి పిలిచి, ఆకులు చేత్తో కాకుండా పళ్లెంలో పెట్టి ఎలా వేయాలో చూపించండి. గుడ్ల సీజన్లో మాత్రం పిలవద్దు, పోతు పొడుస్తుంది, రెక్కతో కొడుతుంది, చిన్నపిల్లలకి గట్టి దెబ్బే తగులుతుంది.

8. ఎన్ని ఉంచాలి, ఏవి ఉంచాలి

ఒక్క బాతుని ఎప్పుడూ పెంచకండి. గోల తగ్గుతుందని రెండిట్లో ఒకదాన్ని ఇచ్చేసినవాళ్లని చూశాను, మిగిలింది పగలూ రాత్రీ పిలుస్తూనే ఉంది. ఇవి జంటకి గట్టిగా అతుక్కునే పక్షులు. అలాగని ఎనిమిదీ పదీ ఉంటే ఒకటి అరిస్తే అన్నీ అందుకుంటాయి. ఇళ్ల మధ్య అయితే ఒక జంట, లేదా ఒక పోతు రెండు పెట్టలు, అంతకు మించొద్దు.

రెండు పోతులుండి పెట్ట ఒక్కటే ఉంటే పోట్లాట ఆగదు. ఆ రెండో పోతుని పంపేయడం ఒక్కటే చాలా ఇళ్లలో తేడా చూపిస్తుంది. గొంతుని బట్టి పోతుని గుర్తుపట్టొచ్చు, దాని గొంతు సన్నగా, కీచుగా ఉంటుంది, పెట్టది బొంగురు. పోతుకి ముక్కు మీది బొడిపె కూడా పెద్దది. అయినా పంపేముందు పశువైద్యుడితో ఒకసారి చూపించుకోండి, పొరపాటున పెట్టని పంపితే పని తలకిందులవుతుంది.

జంటలో ఒకటి చనిపోతే మిగిలింది రోజుల తరబడి పిలుస్తుంది. ఆ సంగతి పక్కింటికి మీరే వెళ్లి చెప్పండి, ఇంకో పెద్ద బాతుని వెతుకుతున్నానని కూడా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మనుషులు చాలా ఓపిక పడతారు.

9. శబ్దం ఫిర్యాదు వెనక వాసనా, దోమలూ

అరుపులన్న ఫిర్యాదులో చాలాసార్లు ఇవి కూడా కలిసి ఉంటాయి. నోటితో చెప్పరంతే. ఈ రెండూ సర్దితే అరుపుల మీద కోపం కూడా తగ్గుతుంది.

☐ టబ్బు నీళ్లు రోజూ చెట్ల పాదుల్లో పోయాలి, నిలవ ఉంచకూడదు
☐ సిమెంటు తొట్టి ఉంటే వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి ఎండబెట్టాలి, డెంగీ దోమ మంచినీళ్లలోనే పుడుతుంది
☐ తడిసిన ఊక రోజూ తీసి పొడి ఊక వేయాలి
☐ రెట్టని మూత ఉన్న గుంటలో ఎండుటాకులతో కలిపి ఎరువు చేయాలి, గోడ పక్కన కుప్ప పోయకూడదు
☐ మిగిలిన దాణా రాత్రి అలాగే వదిలేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములు

ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి ఇంటి పక్కన పక్షులంటే జనానికి టెన్షన్ ఉంది, అది అర్థంలేని భయమేమీ కాదు. బాతుల్ని చెరువులకి తోలకండి, వలస పక్షులతో కలవనీయకండి. ఒకేసారి రెండు మూడు డల్ అయినా, చనిపోయినా చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. సంచార పశువైద్య సేవల నంబర్ 1962 మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

10. ముందే తెలిసిన గోల రోజులు

దీపావళి రాత్రి బాతులు అరవని ఇల్లుండదు. సాయంత్రం 5కే మూసేసి, షెడ్డు పక్కన చిన్న శబ్దంతో ఒక ఫ్యాన్ తిప్పండి. వీధిలో పెళ్లి డీజే, వినాయకుడి ఊరేగింపు ఉన్నప్పుడూ ఇంతే.

చలికాలంలో గుడ్లు పెట్టే సీజన్ మొదలవగానే పోతు స్వభావం మారిపోతుంది. గూటి దగ్గరికి ఎవరొచ్చినా తరుముతుంది, తరిమిన ప్రతిసారీ గెలుపు కేక. గూడుని షెడ్డులో చీకటి మూలన పెట్టండి, మీరు కూడా రోజుకి రెండుసార్లకి మించి అటు వెళ్లొద్దు. పిల్లలు వద్దనుకుంటే గుడ్లు రోజూ తీసేయండి. పొదగనిస్తే దాదాపు 30 రోజులు పెట్ట నోరెత్తదు గానీ, పిల్లలు దిగాక కాపలా కేకలు బాగా పెరుగుతాయి. పక్కింటితో గొడవ నడుస్తున్న ఏడాది పొదగనీయకండి.

11. సాధారణంగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

ముక్కుకి రబ్బరు బ్యాండు వేయడం, మెడకి బెల్టు బిగించడం: వద్దే వద్దు. ఊపిరాడక, నీళ్లు తాగలేక చస్తాయి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం కూడా. ఇరుకు పంజరంలో పెట్టడం కూడా అదే చట్టం కిందకి వస్తుంది.

అరిచినప్పుడల్లా వెళ్లి కేకలేయడం, నీళ్లు చల్లడం: మీరు వెళ్లడమే వాటికి బహుమానం, లేదా కొత్త భయం. రెండూ అరుపునే పెంచుతాయి. చూపు ఎటుందో గమనించి, కారణం తీసేసి, మాట్లాడకుండా వచ్చేయండి.

బ్రెడ్డు, మిగిలిన అన్నం వేసి ఊరుకోబెట్టడం: పిల్ల బాతులకి ఎముకలు, రెక్కలు వంకరపోతాయి. పెద్దవాటికి కొవ్వు పడుతుంది. ఆకుకూర, గడ్డి ఇవ్వండి, అదీ ఊరుకున్నప్పుడు.

అన్నీ ఒకే రోజు మార్చేయడం: కొత్త షెడ్డు, కొత్త టైము, కొత్త మేత ఒకేసారి అయితే బెదిరిపోతాయి, ఏది పనిచేసిందో మీకూ తెలియదు. ముందు షెడ్డు. అలవాటయ్యాక టైము. ఆ తర్వాత మిగతావి.

షెడ్డు సర్దినా రాత్రి అరుపులు ఆగలేదా? అయితే ఒక రాత్రి మీరే లోపల బాతు ఎత్తులో కూర్చుని చూడండి. ఎక్కడి నుంచో ఒక వెలుగు గీత పడుతూ ఉంటుంది, లేదా గోడ అవతల ఎలుక గీరుతూ ఉంటుంది. నిలబడి చూస్తే ఇవి దొరకవు.

12. రాతపూర్వక ఫిర్యాదు వస్తే, ఇక కుదరదనిపిస్తే

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్. దాన్ని 10 డెసిబెల్స్, అంతకన్నా ఎక్కువ దాటితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. 45 అంటే మెల్లగా మాట్లాడుకునేంత, దగ్గర్లో అరిచే బాతు సులువుగా దాటేస్తుంది. కాబట్టి చట్టం నా వైపుంది అనే ధీమా వద్దు. స్థానికంగా జనానికి ఇబ్బంది (న్యూసెన్స్) ఉందని తేలితే దాన్ని తొలగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వొచ్చు, దీనికి ముందున్న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో ఇది 133.

నోటీసు వస్తే:

☐ గడువులోగా రాతపూర్వకంగా జవాబు, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర
☐ ముందూ తర్వాతా షెడ్డు ఫొటోలు, తేదీలతో
☐ మీ అరుపుల నోట్‌బుక్కు
☐ ఎన్ని బాతులున్నాయో నిజం, దాచొద్దు
☐ పక్కింటివాళ్ల మీద ఎదురు ఫిర్యాదు పెట్టకపోవడం

రెండు నెలలు అన్నీ చేశాక కూడా ఆ ఇంట్లో నిద్ర లేకపోతే, బాతుల్ని పంపేయడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లకి ఇల్లు మారే వీలు లేదు, మీకు బాతులకి మంచి చోటు వెతికే వీలుంది. చేపల చెరువుల గట్లు, మామిడి, కొబ్బరి తోటలు, ఊరి బయట ఫామ్‌హౌస్‌లు అడగండి. చాలామంది కాపలాకే కావాలంటారు, అక్కడ అరుపే వాటి ఉద్యోగం. మాంసానికి కాదని ముందే మాట తీసుకోండి, నెల తర్వాత వచ్చి చూస్తానని చెప్పండి, నిజంగానే వెళ్లండి.

ఊరి చెరువులోనో పార్కులోనో వదిలేయకండి. మేత పెట్టే మనిషి లేక, వీధి కుక్కల నోట పడి చచ్చిపోతాయి, అలా వదిలేయడం కూడా అదే 1960 చట్టం కింద తప్పు.

జంటని విడదీయకుండా పంపండి. తీసుకెళ్లేది చల్లటి పూట, పొద్దున్నే లేదా రాత్రి. కాళ్లు కట్టి తలకిందులుగా బైకుకి వేలాడదీయడం కాదు, గాలి ఆడే పెద్ద బుట్టలో కింద వరిగడ్డి వేసి. ఎత్తేటప్పుడు రెక్కలు మూసి ఒంటికి అదిమి, బరువంతా మీ చెయ్యి మీద ఉండేలా, తల మీ వెనక్కి తిరిగేలా చంకలో పెట్టుకోండి, అప్పుడు మొహానికి పొడవదు. వాటితో పాటు రోజూ తినే మేత వారానికి సరిపడా, పాత మేత బకెట్టు కూడా ఇచ్చి పంపండి. కొత్త చోట మొదటి నాలుగైదు రోజులు షెడ్డులోనే ఉంచి ఆ బకెట్టుతోనే మేత పెట్టమని చెప్పండి. ముందే వదిలితే దారి తెలియక గట్టు దాటి పోతాయి.